తిరుపతి బస్టాండులో మా తమ్ముడిని ఆదుకున్న అమ్మకు

అమ్మా, మీ పేరు అడిగే వ్యవధి కూడా మాకు లేకపోయింది. బస్టాండులో కడుపు పట్టుకుని ముడుచుకుపోయిన మా తమ్ముడి దగ్గరకు మీరే వచ్చారు. నొప్పి ఎక్కడ మొదలైందని అడిగారు. బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగిందని వాడు చెప్పగానే మీ ముఖం మారింది. కుడి తుంటి ఎముకకూ బొడ్డుకూ మధ్య వేళ్లతో మెల్లగా నొక్కి, చటుక్కున తీశారు. నొక్కినప్పటికంటే తీసినప్పుడే వాడు ఎక్కువ అరిచాడు. అపెండిక్స్ (పెద్దపేగుకు అతుక్కుని ఉండే చిన్న తిత్తి) వాస్తే బాగా నొప్పి పుడుతుందని 1889లో మెక్‌బర్నీ అనే అమెరికా సర్జన్ వివరించిన చోటు అదేనని తర్వాత డాక్టరు గారు చెప్పారు.

కాసేపటికి వాడు "తగ్గిందక్కా, ఇంటికి వెళ్దాం" అన్నాడు. చుట్టూ చేరినవాళ్లు సోడా తాగించమన్నారు. "చుక్క నీళ్లు కూడా వద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ఉన్నట్టుండి ఇలా తగ్గడం మంచిది కాదు" అని మీరు గట్టిగా చెప్పి, రుయా ఆసుపత్రికి ఆటో మాట్లాడి, మాతోపాటే ఎక్కారు. ఆ మాట ఎంత నిజమో! అపెండిక్స్‌కు అప్పటికే చిల్లు పడింది. పొట్టలో చేరిన చీమును సెలైన్‌తో కడిగి, మిగిలింది బయటికి రావడానికి పక్కన గొట్టం పెట్టారు. ఇంకా ఆలస్యమైతే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకేదట.

సంతకాల హడావుడి ముగించుకుని చూసేసరికి మీరు లేరు. ఆటో డబ్బులు కూడా మీరే ఇచ్చారు. మీరు నర్సో, డాక్టరో నాకు తెలియదు. తమ్ముడు ఇప్పుడు కడుపునిండా తింటున్నాడు, కాలేజీకి వెళ్తున్నాడు. మా అమ్మ మిమ్మల్ని తలచుకోని రోజు లేదు. మా ఇంటిల్లిపాదీ మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాం.