ప్రింటు అప్‌డేట్ ఇక సాయంత్రానికి కాదు, మర్నాడు పొద్దునకి: ఎందుకంటే

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న మందుల షాపుల వాళ్లందరికీ నమస్కారం.

"పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రానికి సరిచేసి పంపేవాళ్లు, ఇప్పుడు రేపంటారేంటి?" అని ఈమధ్య కొందరు అడిగారు. అడగాల్సిన మాటే.

సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైను మార్చినా, మిగతాది చెడిపోలేదని చూసే టెస్ట్ స్క్రిప్టులు మా దగ్గర ఉన్నాయి. ఉత్తుత్తి బిల్లులు వందలకొద్దీ కొట్టి, పైసలతో సహా లెక్క కుదిరిందో లేదో చూస్తాయి. (మీ అసలు బిల్లులు, పేషెంట్ల పేర్లు వీటిలోకి రావు.) ఇన్నాళ్లూ ఇవి మా కోడ్ దాచుకునే గిట్‌హబ్ అనే వెబ్‌సైటు సర్వర్ల మీదే నడిచేవి. ఇప్పుడు ముందు మా ఆఫీసు మెషీన్ మీద నడిపి, ఆ తర్వాతే అక్కడికి పంపుతున్నాం. యాక్ట్ అనే ఉచిత టూల్ ఉంది. గిట్‌హబ్ కోసం రాసిన వర్క్‌ఫ్లో ఫైలునే (ఏ టెస్టు ఎలా నడపాలో చెప్పే జాబితా) చదివి, డాకర్ కంటైనర్‌లో (మెషీన్ లోపలే విడిగా ఉండే గది లాంటిది) ఇక్కడే నడిపేస్తుంది.

డబ్బు కోసమా అంటే, అదీ ఉంది. గిట్‌హబ్ ఉచిత ఖాతాలో ప్రైవేటు కోడ్‌కి టెస్టులు ఉచితంగా నడిచేది నెలకి 2,000 నిమిషాలే, దాటితే బిల్లు. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది కదా. పాత స్టాకు, కొత్త రేటు, పాత రేటుకి అమ్మి వెనక్కొచ్చిన సరుకు... ఆ రోజుల్లో కామా మార్చినా టెస్టులన్నీ మళ్లీ నడపాల్సి వచ్చేది.

అసలు కారణం మాత్రం ప్రింటరు. ఎక్కడో ఉన్న సర్వరుకి ప్రింటరు తగిలించలేం, మా మెషీన్‌కి తగిలించాం. మామూలు థర్మల్ ప్రింటర్లకి తెలుగు రాదు కాబట్టి, బిల్లుని బొమ్మగా మార్చి పంపుతాం. ఆ బొమ్మ గీసేచోట తెలుగు ఫాంటు లేకపోతే "భోజనం తర్వాత" అని ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు పడతాయి. ఫాంటు ఉన్నా అక్షరాలు కలిపే భాగం సరిగా లేకపోతే వకార వత్తు ఊడిపోయి "తర్‌ వాత" అవుతుంది. స్క్రిప్టు మాత్రం అన్నిటికీ పచ్చ టిక్కు పెట్టేస్తుంది, దానికి కళ్లు లేవుగా! అందుకే ఈ ఒక్క టెస్టుని కంటైనర్ బయట, మీ కౌంటర్లో లాగే విండోస్ మీద నడిపి, వచ్చిన కాగితాన్ని మనిషి చదువుతున్నాడు. ఆలస్యం అక్కడే.

ఇంకోటి టైము. గిట్‌హబ్ మెషీన్ల గడియారం మనకన్నా అయిదున్నర గంటలు వెనక. రాత్రంతా తెరిచే షాపులో ఏప్రిల్ 1న తెల్లవారుజామున 2 గంటలకి బిల్లు కొడితే, అక్కడ ఇంకా మార్చి 31 రాత్రి ఎనిమిదిన్నరే. పాత ఆర్థిక సంవత్సరం, పాత బిల్లు నంబర్ల వరస! ఇప్పుడు మన టైము పెట్టి ఒకసారి, వాళ్ల టైము పెట్టి ఒకసారి నడుపుతున్నాం. గిట్‌హబ్‌లోనూ ఇలా చేయొచ్చు, కాకపోతే నిమిషాలు రెండింతలు.

దీంతో అన్నీ దొరికిపోతాయని మాత్రం చెప్పను. యాక్ట్ వాడే కంటైనర్ గిట్‌హబ్ మెషీన్‌కి అచ్చు నకలు కాదు. ఇక్కడ పాసైంది అక్కడ ఫెయిలవచ్చు, అందుకే పంపే ముందు అక్కడ కూడా ఒకసారి నడుపుతాం. కరెంటు పోతే మా యూపీఎస్ ఎంతోసేపు లాగదు, టెస్టు మొదటికొస్తుంది.

కాబట్టి లెక్కల్లో తప్పయితే ఎప్పటిలాగే అదే రోజు సరిచేసి పంపుతాం. ప్రింటుకి సంబంధించినదైతే మర్నాడు షాపు తెరిచేలోపు. మరీ అర్జెంటంటే ప్రింటు చూడకుండానే పంపుతాం, ఆ మాట మీకు చెప్పే పంపుతాం. రేటు పెంచడం లేదు.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మా దగ్గర లేదు. అది వాడేవాళ్లు మోడల్ నంబరు, ఒక శాంపిల్ బిల్లు ఫొటో వాట్సాప్ చేయండి. పేషెంటు పేరున్న బిల్లు మాత్రం వద్దు.