మా అమ్మాయి బాక్సింగ్, నీ బెంగ

విశాఖపట్నం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. సగం చదివేసరికి నవ్వొచ్చింది, మిగతా సగానికి ఒళ్లు మండింది. ఆడపిల్లకు బాక్సింగేమిటి, మూతి పగిలితే పెళ్లెలా అవుతుంది అని రాశావు చూడు, ఆ మాట మా ఆవిడ ఎప్పుడో అనేసింది. మన బాక్సర్ నిఖత్ జరీన్ కన్ను కమిలి ఇంటికొస్తే వాళ్లమ్మ కూడా ఇదే బెంగతో ఏడ్చిందట.

నిఖత్‌ది నిజామాబాద్ అయినా, ఆమెలో మా ఊరికీ కాస్త వాటా ఉంది. 2009లో ఇక్కడి స్పోర్ట్స్ అథారిటీ కేంద్రంలో చేరి, ద్రోణాచార్య అవార్డు అందుకున్న ఐ.వి. రావు గారి దగ్గర నేర్చుకుంది. రెండేళ్లు తిరిగేసరికి టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత. ఇంకేం, ఇక తిరుగులేదనుకుంటాం కదా? సీనియర్లలో ప్రపంచ బంగారం వచ్చింది 2022లో! మధ్యలో 2017లో భుజం దెబ్బతిని చాలాకాలం రింగు ఎక్కలేకపోయింది. 2019 చివర్లో, ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరిని పంపాలో తేల్చడానికి ట్రయల్స్ పెట్టాల్సిందేనని తానే పట్టుబట్టి, మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. నేనైతే ఆ తర్వాత ఆ ఛాయలకే వెళ్లేవాణ్ణి కాను. ఆమె మాత్రం 2022లో ఇస్తాంబుల్ ప్రపంచ పోటీల్లో 52 కిలోల విభాగంలో గెలిచింది. అది ఒలింపిక్స్‌లో లేదని 50కి దిగి, బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో, 2023లో ఢిల్లీ ప్రపంచ పోటీల్లో మళ్లీ బంగారం పట్టింది.

రెండు కిలోలే కదా అనకు. పోటీ ఉన్న రోజు పొద్దున్నే తూకం ఎక్కాలి. ముల్లు కాస్త మొగ్గినా ఇంటికే. రింగులో ఉండేది మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. అసలు పోరంతా కంచం దగ్గరే. పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ చైనా అమ్మాయి వూ యు చేతిలో ప్రీక్వార్టర్స్‌లోనే ఓడిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

మా అమ్మాయి ఇంకా చేతికి గుడ్డ చుట్టుకోవడం దగ్గరే ఉంది. బొటనవేలికి మెలిక వేసి, మణికట్టు చుట్టూ బిగించి, వేళ్ల సందుల్లోంచి తీస్తుంది. నచ్చకపోతే మొత్తం విప్పి మళ్లీ మొదలు. ఆ గుడ్డలు ఈ సముద్రపు గాలికి ఒక పట్టాన ఆరి చావవు. వరండా అంతా వాటి కంపే.

దసరాకు తప్పకుండా రా. మా అమ్మాయి ముందు మాత్రం పెళ్లి మాట ఎత్తకు. ఎత్తావో, గుద్దులు కాచుకునే ప్యాడ్లు నీ చేతికిచ్చి దాని ఎదురుగా నిలబెడతాను.

నీ బావ