సూపర్ కంప్యూటర్ వచ్చింది, వంతే రావడం లేదు

సంపాదకునికి,

అయ్యా,

కేంద్ర ప్రభుత్వం 2015లో రూ.4,500 కోట్లతో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్‌ను చేపట్టినప్పటి నుంచి, ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవా సహా ఏ యంత్రం ప్రారంభమైనా దాని వేగం ఎన్ని టెరాఫ్లాప్‌లో (టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల గణనలు) పత్రికల్లో వస్తోంది. ఆ యంత్రం మీద ఒక విద్యార్థి జాబ్‌కు (నడపమని యంత్రానికి పంపిన పనికి) వంతు ఎప్పుడు వస్తుందో తేల్చే క్యూ నియమాల గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క రాదు.

మా విభాగం వాడుకునే క్లస్టర్‌లో (కలిసి పనిచేసే కంప్యూటర్ల సముదాయంలో) షెడ్యూలర్, అంటే జాబ్‌లకు వంతులు వేసే సాఫ్ట్‌వేర్, స్లర్మ్. మొన్న ఒక పరిశోధక విద్యార్థిని జాబ్ రెండు రోజులు పెండింగ్‌లో ఉండిపోయింది. కారణం చూపే గడిలో ‘ప్రయారిటీ’ అన్న ఒక్క మాటే ఉంది. ఆమె స్క్రిప్ట్ (జాబ్‌కు ఏమేం కావాలో రాసి పంపే ఫైలు) తెరిచి చూస్తే సమయ పరిమితి రాసే వరుసే లేదు. పార్టిషన్‌కు (క్లస్టర్‌లో సొంత నియమాలున్న ఒక భాగానికి) డిఫాల్ట్ సమయం పెట్టకపోతే, గడువు అడగని జాబ్‌కు స్లర్మ్ ఆ పార్టిషన్ గరిష్ఠ పరిమితినే అంటగడుతుంది. మా దగ్గర అది నాలుగు రోజులు. ముందున్న పెద్ద జాబ్‌కు కావలసిన నోడ్‌లన్నీ (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్ ఒక నోడ్) ఖాళీ అయ్యేలోగా, ఆ జాబ్ మొదలయ్యే వేళకు అడ్డురాకుండా ముగిసిపోయే చిన్న జాబ్‌లను మధ్యలో నడిపించడమే బ్యాక్‌ఫిల్. నలభై నిమిషాల పనికి నాలుగు రోజుల గడువు తగిలించుకున్న జాబ్ ఆ సందులో ఎలా పడుతుంది? స్క్రిప్ట్‌లో గంట అని రాయించి మళ్లీ పంపాం. ఆ సాయంత్రమే మొదలై, రాత్రి భోజనాల వేళకు ముగిసింది.

తప్పు ఆమెది కాదు. గడువు దాటితే జాబ్‌ను చంపేస్తారన్న భయంతో అనుభవజ్ఞులు కూడా అవసరానికి మూడింతలు అడుగుతారు (నేనూ అడిగాను). తప్పంతా క్యూను అమర్చిన తీరుది. ప్రతి పార్టిషన్‌కు గంటో రెండు గంటలో డిఫాల్ట్ సమయం పెట్టాలి. బ్యాక్‌ఫిల్ ఎంత ముందుకు చూడాలో చెప్పే వ్యవధి (విండో) మామూలుగా ఒక్క రోజే కనుక, నాలుగు రోజుల జాబ్‌లను అనుమతించే చోట దాన్ని కనీసం నాలుగు రోజులకు పెంచాలి. ఇక ఫెయిర్‌షేర్ చేసే పని కాలువ నీటికి వంతులు వేయడం లాంటిదే: ఇటీవల ఎక్కువగా వాడుకున్న బృందాన్ని వెనక్కి జరిపి, ఎండిపోతున్న చివరి మడికి నీరు పారిస్తుంది. పాత వాడకాన్ని ఎంత వేగంగా మరచిపోవాలో చెప్పే అర్ధాయువు మామూలుగా ఏడు రోజులు. నెలల తరబడి సాగే సిమ్యులేషన్లున్న చోట అది సరిపోతుందా లేదా అన్నది వాడుకునేవారితో కూర్చుని తేల్చవలసిన విషయమే తప్ప, నిర్వాహకుడొక్కడే తన గదిలో తేల్చేది కాదు.

వీటిలో దేనికీ కొత్త యంత్రం అక్కర్లేదు, ఆకృతీకరణ ఫైల్లో కొన్ని వరుసలు మార్చితే చాలు. ప్రజాధనంతో కొన్న ప్రతి క్లస్టర్‌లోనూ గరిష్ఠ సమయం, డిఫాల్ట్ సమయం, ఫెయిర్‌షేర్ లెక్క, గత నెలలో ఒక్కో పార్టిషన్‌లో జాబ్‌లు సగటున వేచి ఉన్న గంటలు లాగిన్ కాగానే తెరమీద కనబడేలా ఉంచాలని, పెండింగ్ కారణాన్ని కొత్త విద్యార్థికి కూడా అర్థమయ్యే మాటల్లో వివరించాలని ఆయా సంస్థలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పరిశోధకుడు,
హైదరాబాద్