సెంటు పెళ్లిళ్లకేనా?

ఎడిటర్ గారికి,

ఇంటి ఖర్చులు తగ్గించుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చాలావరకు బాగుంది. కానీ సెంటు సీసాని అక్కర్లేని ఖర్చుల్లో పడేసి, పెళ్లికో ఫంక్షన్‌కో తప్ప ఎందుకది అన్నట్టు రాయడం మాత్రం నచ్చలేదు. పెళ్లిరోజు ఎలాగూ ఇంటినిండా పూలుంటాయి, సెంటుతో పనేముంది? అమ్మని స్కానింగ్‌కి తీసుకెళ్లాల్సిన రోజు, ఆఫీసులో ఆడిట్ వాళ్లు వచ్చి కూర్చున్న రోజు, లేదా ఏ కారణం లేకుండానే పొద్దున లేవగానే మనసు బాగోని రోజు, నేను సంపెంగ అత్తరు ఒక చుక్క మణికట్టు మీద రాసుకుని బయల్దేరతాను. టెన్షన్ పోదు, రిపోర్టూ మారదు. కాకపోతే పేరు పిలిచేదాకా హాల్లో కూర్చున్నప్పుడు చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే ఫినాయిల్ వాసన కాసేపు మరుగునపడుతుంది, ఊపిరి నిదానిస్తుంది. నేను డబ్బు పెట్టేది దానికే.

ఇదంతా భ్రమ అనేవాళ్లకి ఒక మాట. చూసినవీ విన్నవీ మెదడులో ముందు థాలమస్ అనే కూడలి లాంటి భాగం దగ్గరికి వెళ్తాయి, వాసన మాత్రం అక్కడ ఆగకుండా భయాన్నీ జ్ఞాపకాల్నీ చూసుకునే భాగాలకి చేరిపోతుంది. వాసనల్ని ముక్కు ఎలా గుర్తుపడుతుందో తేల్చినందుకే 2004లో రిచర్డ్ ఏక్సెల్, లిండా బక్‌లకి నోబెల్ ఇచ్చారు. అయినా మన ఊరివాళ్లకి ఇది నోబెల్ వాళ్లు చెప్పాలా? సింహాచలం అప్పన్నకి ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయ నాడు తప్ప ఒంటినిండా చందనమే, ఆయన ఉగ్రం చల్లారడానికి అంటారు పెద్దలు. దేవుడికే అంత అవసరమైతే మన సంగతేంటి!

ఖర్చు సంగతి వదిలేయండి, అసలు బాధ జనం మాటలతో. కాస్త వాసన వస్తే చాలు, "ఏంటి విశేషం, ఎక్కడికి ప్రయాణం?" అంటారు. మా పెదనాన్న పోయాక పెద్దమ్మ తన మొగలి అత్తరు సీసా బీరువాలో చీరల కింద దాచేసింది. "ఇంక నాకెందుకే, నలుగురూ ఏమనుకుంటారు" అంది. పూలు వద్దన్నారు సరే (అదీ నాకు సరి కాదనుకోండి), మనిషికి ఇష్టమైన వాసన కూడా మొగుడితోనే పోవాలా? ఇప్పుడు రాత్రి పడుకునే ముందు దిండు గలీబు మీద ఒక చుక్క రాసుకుంటోంది, తెల్లారగానే కోడలు లేవకముందే గలీబు విప్పి బకెట్లో నానబెట్టేస్తుంది.

అలాగని ఒళ్లంతా దిమ్మరించుకోమనడం లేదు. మన ఊరి ఉక్కపోతకి నాలుగు చుక్కలు రాసుకుని షేర్ ఆటో ఎక్కితే పక్కవాడికి తలనొప్పి ఖాయం. కీమో చేయించుకుంటున్న వాళ్లకి చాలామందికి మంచి వాసన కూడా వికారం పుట్టిస్తుంది, అలాంటి వార్డుకి వెళ్లేటప్పుడు అసలు రాసుకోకపోవడమే మేలు. ఇంకొకటి, బాగా ఇష్టమైన సెంటుని ఎప్పుడూ కష్టపు రోజుకే వాడితే కొన్నాళ్లకి ఆ వాసన వస్తేనే ఆసుపత్రి గుర్తొస్తుంది. అందుకే నేను సెలవు రోజు ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు కూడా రాసుకుంటాను.

మీకో విన్నపం. సెంటు గురించి రాస్తే విదేశీ బ్రాండ్లే రాస్తారు. మొగలిపూల అత్తరుకి పేరున్న ఒడిశాలోని గంజాం మనకి శ్రీకాకుళం దాటగానే వస్తుంది, అక్కడి మొగలికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) కూడా ఉంది. రాగి డేగిశాల్లో పూలు మరిగించి ఆ ఆవిరిని చందనం నూనెలోకి పట్టడం పాత పద్ధతి. చందనం ధర పెరిగాక చాలామంది దాని బదులు పారాఫిన్ (పెట్రోలియం నుంచి తీసే చవక నూనె) వాడుతున్నారు, మాకేమో అన్నీ అసలైనవే అని చెప్పి అమ్ముతున్నారు. ఏది అసలుదో కొనేవాళ్లం ఎలా కనిపెట్టాలో, అత్తరు కొట్ల పెద్దవాళ్లని అడిగి ఒక పేజీ వేయించండి. చందనం అని చెప్పి పారాఫిన్ అమ్మితే ఎవరికి ఫిర్యాదు చేయాలో కూడా రాయండి.

– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం