మా నాయన కేసు షీటు ఇప్పించిన వారందరికీ కృతజ్ఞతలు

మా నాయనను దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి నల్లగొండకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తీసుకువెళ్లిన రోజుల్లో మాకు అండగా నిలిచిన వారందరికీ మా కుటుంబం తరఫున నమస్కారాలు తెలుపుకుంటున్నాను. తమ పేర్లు బయటపెట్టవద్దని వారిలో చాలామంది కోరారు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. నల్లగొండలో చేర్చిన ఆసుపత్రి పేరు కూడా రాయను. అక్కడి నర్సులు నాయనను బాగానే చూసుకున్నారు. పేచీ అంతా కాగితాల దగ్గరే వచ్చింది.

నాయనకు కామెర్లు ముదిరాయి. పైత్యనాళంలో రాయి అడ్డుపడిందని, పొట్ట కోసి ఆపరేషన్ చేయాలని నల్లగొండలో మేము చేర్చిన ప్రైవేటు ఆసుపత్రి వారు చెప్పారు. నాయన స్పృహలోనే ఉన్నా ఆయనను అడగకుండా, ఇంగ్లీషులో అచ్చువేసిన ఫారాల మీద అమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నారు. హైదరాబాద్‌లో మరొక డాక్టరుకు చూపించి నిర్ణయించుకుంటామని మేము అన్నప్పుడు, మొత్తం బిల్లు కట్టేదాకా కేసు షీటు (చికిత్స వివరాలు రాసిన కాగితాలు) గానీ స్కానింగు ఫిల్ములు గానీ ఇచ్చేది లేదన్నారు.

అందరికన్నా ముందు కృతజ్ఞతలు చెప్పవలసింది మా బావ వాళ్ల పక్కింట్లో ఉండే రిటైర్డ్ స్టాఫ్ నర్సు అమ్మగారికి. కౌంటరు దగ్గర మా తమ్ముడు గొంతు పెంచుతుంటే ఆపి, నాయన పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరిన రోగికి ఇచ్చే నంబరు), మాకు కావలసిన కాగితాల వివరాలతో దరఖాస్తు రాయించి, నాయన చేతనే సంతకం పెట్టించి, రెండో ప్రతి మీద తేదీ, సమయం, ఆసుపత్రి ముద్ర వేసేదాకా ఆమె అక్కడి నుంచి కదలలేదు. నోటితో అడిగితే రేపు రమ్మంటారని, ముద్ర పడిన కాగితానికి మాత్రం జవాబు చెప్పక తప్పదని ఆమె అనుభవంతో చెప్పిన మాట. రోగి గానీ అతని తరఫు వారు గానీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల్లో ఉంది. చేరి ఉన్న రోగికైతే వీలైనంత వరకు 24 గంటల్లోనే ఇవ్వాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతుంది. బిల్లు బాకీ ఉందన్న కారణంతో రోగిని ఆపి ఉంచరాదని కూడా అందులోనే ఉంది.

ఈ సంగతులు మాకు విడమరచి చెప్పిన నల్లగొండ వకీలు సారు రూపాయి ఫీజు తీసుకోలేదు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆయన మాకు తెలుగులో వివరించారు. రోగి స్పృహలో ఉన్నప్పుడు సమ్మతి రోగిదే కావాలని, చేయబోయే చికిత్స ఏమిటో, అందులో ప్రమాదమేమిటో, దానికి బదులు వేరే మార్గం ఉందో లేదో ముందుగా చెప్పాలని దాని సారాంశం. ఆ చివరి మాట ఎంత ముఖ్యమైనదో మాకు హైదరాబాద్ వెళ్లాక తెలిసింది. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్లు ఫిల్ములు చూసి, నోటి ద్వారా ఎండోస్కోపీ గొట్టం పంపి, కోత లేకుండానే రాయి తీశారు. ఆ సౌకర్యం నల్లగొండలో మేము చేరిన చోట లేదు; లేకపోవడం తప్పు కాదు, ఉన్నచోటు చెప్పకపోవడమే మాకు బాధ కలిగించింది.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయంలో మా దరఖాస్తు నకలు తీసుకుని, మా ముందే ఆసుపత్రికి ఫోన్ చేసిన ఉద్యోగికి ధన్యవాదాలు. ఆ ఫోన్ తర్వాతే కాగితాలు కదిలాయి. పద్దులవారీగా బిల్లు కూడా ఇచ్చారు. దానిని మందులు ఇచ్చిన చార్టుతో వరుసగా సరిపోల్చి, వేయని ఇంజెక్షన్లకు బిల్లులో రాసిన ధరను మళ్లీ ఆ నర్సమ్మగారే పట్టుకున్నారు. ఆసుపత్రి వారు ఆ మొత్తం తగ్గించారు, మిగిలినది మేము కట్టాము. కట్టవలసింది ఎగ్గొట్టాలని మేము ఎన్నడూ అనుకోలేదని ఇక్కడ చెప్పడం అవసరం.

రక్తం అవసరం పడుతుందేమోనని వచ్చి రాత్రంతా వరండాలో కూర్చున్న మా ఊరి యువకులకు, డీజిల్ ఖర్చు మాత్రమే తీసుకున్న అంబులెన్సు డ్రైవరన్నకు, హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ కాగితాలు చకచకా పూర్తి చేయించిన ఆరోగ్యమిత్రకు మేము రుణపడి ఉన్నాము.

నాయన ఇంటికి వచ్చారు, అన్నం తింటున్నారు. మేము ఇచ్చిన దరఖాస్తు నమూనాలో పేర్లు తీసేసి కొన్ని జిరాక్సులు దేవరకొండ బస్టాండు దగ్గర మా బావ నడిపే మందుల దుకాణంలో పెట్టాము. అవసరం ఉన్నవారు అడిగి తీసుకోవచ్చు, డబ్బులు ఇవ్వనక్కరలేదు.