పైడి అంటే బంగారమే

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో అమ్మాయిల పేర్లు, వాటి అర్థాలు వేశారు. బంగారం అనే అర్థంతో స్వర్ణ, కనక, హేమ, హిరణ్మయి ఉన్నాయి. పైడి లేదు. మా పాప ఆ పేజీ అంతా వెతికి, "చూశావా అమ్మా, నాది అసలు పేరే కాదు" అంది. అందుకే ఈ ఉత్తరం.

మాది పర్లాకిమిడి. మా నాయనమ్మ పైడమ్మ విజయనగరం పక్క పల్లె నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చింది. ముందు ఇద్దరు బిడ్డలు పోవడంతో, ఈ బిడ్డ దక్కితే నీ పేరే పెట్టుకుంటామని వాళ్లమ్మ పైడితల్లికి మొక్కుకుందట. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం చింతమానుతో చేసిన సిరిమాను ఊరేగేది ఆ తల్లి పండక్కే. అటువైపు ఏ వీధిలో చూసినా ఒక పైడమ్మో, పైడిరాజో ఉంటారు. నాయనమ్మ ముంజేతి మీద ఆ పేరు పచ్చబొట్టు ఉండేది. ముడతలు పడి 'డ' కాస్త వంకర తిరిగింది. నేను మొదట కూడబలుక్కుని చదివిన మాట అదే.

పైడి అచ్చమైన తెలుగు మాట. పసిడి, పయిడి, పైడి అన్నీ ఒకటే. పచ్చ, పసుపు కూడా ఆ మూలం నుంచి వచ్చినవే. స్వర్ణ, కనక సంస్కృతం మాటలు. మంచి పేర్లే, కాదనను.

ఒడియాలో కొబ్బరిబొండాన్ని 'పొయిడొ' అంటారు. దాంతో బడిలో మా పాపను "పొయిడొ పాణి" అని ఏడిపిస్తున్నారు. చేర్చుకునేటప్పుడే అక్కడి గుమస్తా పాయల్ అని రాసేస్తే, దిద్దించడానికి నాలుగుసార్లు తిరిగాను. ఇప్పుడు పాప స్వర్ణ అని మార్చమంటోంది, అర్థం ఒకటే కదా అని. అర్థం ఒకటే. కానీ స్వర్ణా అని పిలిస్తే మా నాయనమ్మ ఎక్కడ గుర్తొస్తుంది?

జనం మాట్లాడే తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్లోనే పాఠాలు చెప్పారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినా ఇళ్లలో తెలుగు నిలిచింది. ఇలాంటి పేర్లు మాత్రం ఒక్కొక్కటీ పోతున్నాయి.

ఈసారి వేసేటప్పుడు పైడి, ముత్యాలు, నూకాలు, గౌరమ్మలకు కూడా చోటివ్వండి. మా ఇంట్లో ఆదివారం పేపరు ముందు తెరిచేది మా పాపే.

ఇట్లు,
పైడమ్మ మనవరాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా