ఆ కాల్ రికార్డింగులు మీరే వినండి

అంబాజీపేట,
కోనసీమ జిల్లా.

కస్టమర్ కేర్ విభాగం అధికారి గారికి,

విషయం: మా కుక్క కంటి జబ్బుకు స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ ఇస్తామని చెప్పి మూడు రోజులు తిప్పడం గురించి.

అయ్యా,

మీకు ఫోన్ చేసిన ప్రతిసారీ ముందుగా ఒక మాట వినిపిస్తుంది, శిక్షణ కోసం ఈ కాల్ రికార్డు చేస్తున్నాం అని. నవంబరు చివరి వారంలో శుక్రవారం పొద్దున్న నుంచి ఆదివారం రాత్రి దాకా నేను పదిహేడు సార్లు ఫోన్ చేశాను. ఆ పదిహేడూ మీ దగ్గర ఉండాలి. ఈ ఉత్తరం మొత్తం చదివే తీరిక మీకు లేకపోయినా ఫర్వాలేదు, అవి మాత్రం మీరే కూర్చుని వినండి. కింది వాళ్ళకు అప్పగించి నాలుగు ముక్కల్లో రాయించుకోవద్దు. శనివారం సాయంత్రం చేసిన కాల్‌లో నా గొంతు, వెనకాల చిట్టి మూలుగు రెండూ వినిపిస్తాయి.

చిట్టి మా పగ్ జాతి కుక్క. దానికి ఆరేళ్ళు. మా అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ మా దగ్గర వదిలి వెళ్ళింది. అప్పటి నుంచి నాలుగేళ్ళుగా ఏటా మీ పెంపుడు జంతువుల వైద్య ప్లాన్‌కు డబ్బు కడుతున్నాం, ఒక్క ఏడాది కూడా ఆలస్యం చేయలేదు. పల్లెటూరిలో ఉన్నా 24 గంటల్లో స్పెషలిస్ట్‌ను చూపిస్తామని మీరే రాశారు. ఆ ఒక్క మాట చూసే కట్టాం. మామూలు జ్వరాలకూ టీకాలకూ మా ఊళ్ళో పశువుల డాక్టరు గారు ఉన్నారు. మీ మాట నమ్మి పాలకొల్లులో ఉన్న మా ఆడపడుచు చేత, మా వీధిలో రెండిళ్ళ వాళ్ళ చేత కూడా కట్టించాను. ఇప్పుడు వాళ్ళ మొహం చూడాలంటే నాకు సిగ్గుగా ఉంది.

సార్వా కోతలైపోయి గడ్డిమేట్లు వేస్తున్న రోజులు. గురువారం సాయంత్రం చిట్టి గడ్డిలో దొర్లి వచ్చింది. రాత్రికల్లా ఎడమ కన్ను సగం మూసేసి, నీరు కార్చుకుంటూ, కాలితో రుద్దుకోవడం మొదలుపెట్టింది. పగ్ కళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, గడ్డి పరక గీసుకున్నా చాలు. తెల్లారేసరికి నల్లగుడ్డు మీద నీలంగా మసక కమ్మింది.

మా డాక్టరు గారు ఎక్కువగా ఆవుల్నీ గేదెల్నీ చూసే మనిషే. అయినా ఆయన ఒక నారింజ రంగు కాగితం ముక్క తడిపి కంటికి తగిలించి, నీలం లైటు వేసి చూశారు. నల్లగుడ్డు మధ్యలో ఆకుపచ్చగా మెరిసింది. "పుండు పడిందమ్మగారూ. ఎంత లోతుగా ఉందో నా దగ్గరున్న వాటితో చెప్పలేను. ఇలాంటిది కరగడం మొదలైతే ఒకటి రెండు రోజుల్లోనే చిల్లు పడిపోవచ్చు. ఈరోజు కాకపోతే రేపు, కంటి స్పెషలిస్ట్‌కు చూపించెయ్యండి" అన్నారు. యాంటీబయాటిక్ చుక్కలిచ్చారు, రుద్దుకోకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు కట్టారు. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు ఎవరు రాసిచ్చినా వెయ్యొద్దని రెండుసార్లు చెప్పారు. గన్నవరంలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, అక్కడికైనా వెళ్ళండి అన్నారు. నేనే, మాకు ప్లాన్ ఉంది డాక్టరు గారూ, వాళ్ళు 24 గంటల్లో చూపిస్తారు అని చెప్పాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేకపోతున్నాను.

పదకొండు గంటలకు మీకు మొదటి కాల్. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, తర్వాత ఇరవై రెండు నిమిషాలు పాట. ఆ తర్వాత ఒక అమ్మాయి వచ్చి మీ ఇబ్బంది అర్థమైంది మేడమ్ అంది. కుక్క జాతి, వయసు, బరువు, టీకాల తేదీలు అడిగింది. నాలుగేళ్ళుగా ఇవన్నీ మీ యాప్‌లోనే ఉన్నాయి. టికెట్ నంబరు ఇచ్చి 48 గంటల్లో ఫోన్ వస్తుందని చెప్పింది. డాక్టరు గారు రేపటి లోపల చూపించమన్నారమ్మా అంటే, మళ్ళీ అదే, మీ ఇబ్బంది అర్థమైంది మేడమ్. ఏం అర్థమైందో చెప్పమని అడిగాను. ఫోన్ పెట్టేసింది.

రెండో కాల్‌లో వచ్చినతనికి తెలుగు రాదు. నాకు వచ్చిన కొద్దిపాటి హిందీలో కన్ను, పుండు, అర్జెంటు అని చెప్పాను. తెలుగు వాళ్ళకు కలుపుతానన్నాడు, లైను తెగిపోయింది. మూడో కాల్‌లో ఫోటో పంపమన్నారు, పంపాను. నాలుగో కాల్‌లో ఫోటో రాలేదన్నారు, మళ్ళీ పంపాను. ఐదో కాల్‌లో ఫోటో మసగ్గా ఉందన్నారు. బాబూ, మసగ్గా ఉంది ఫోటో కాదు, దాని కన్నే అని చెప్పాను.

సాయంత్రం ఆరు గంటలకు మీ డాక్టరుతో వీడియో కాల్ పెట్టారు. స్పెషలిస్ట్ అనుకుని మావారు చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని లైటు పట్టుకున్నారు. నాలుగు నిమిషాలు కూడా కాలేదు. ఆయన కంటి డాక్టరు కాడని మధ్యలో తెలిసింది. చుక్కలు రాసి, మీ సొంత మందుల షాపులో కొనుక్కోమని లింకు పంపారు. అందులో డెక్సామెథసోన్ ఉంది. అది స్టెరాయిడ్. మా డాక్టరు గారు రంగు వేసి పుండు అని తేల్చారండీ, ఇది వెయ్యొచ్చా అని అడిగాను. చూస్తాను అన్నారు, కాల్ కట్ అయింది, మళ్ళీ కలవలేదు. మా డాక్టరు గారు హెచ్చరించకపోయి ఉంటే ఆ మందు నేను నా చేత్తోనే చిట్టి కంట్లో వేసేదాన్ని. స్టెరాయిడ్ పుండును మాననివ్వదు, కన్ను కరగడాన్ని ఇంకా తొందర చేస్తుంది. ఈ సంగతి తెలియని ఎంతమందికి ఆ లింకు వెళ్ళిందో మీరే లెక్క చూసుకోండి.

ఆ రాత్రి పదిన్నరకు మీ నుంచి మెసేజ్ వచ్చింది. మీ టికెట్ పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని. పక్కనే చిట్టి కన్ను తెరవలేక గోడకు తల ఆనించుకుని నిలబడి ఉంది.

శనివారం పొద్దున్న కొత్త టికెట్, మళ్ళీ జాతి, వయసు, బరువు. పన్నెండింటికి ఒక అబ్బాయి తనే ఫోన్ చేసి, రాజమండ్రి సెంటర్‌లో నాలుగు గంటలకు కంటి స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ ఖరారైందని చెప్పాడు. మెసేజ్ కూడా వచ్చింది, దాచి ఉంచాను. మా కోనసీమకు ఇంకా రైలు లేదు. మా తోటికోడలి కొడుకుని బతిమాలి, అతని పని మానిపించి, కారులో రావులపాలెం మీదుగా వెళ్ళాం. ఒక్కొక్క కుదుపుకీ చిట్టి మూలుగుతుంటే మావారు దారి పొడుగునా దాన్ని గుండెకు ఆనించుకుని కూర్చున్నారు.

అక్కడ కౌంటరులో ఉన్న అమ్మాయి మెసేజ్ చూసి తెల్లబోయింది. "ఇక్కడ కంటి డాక్టరు ఎవరూ ఉండరండి. ఈ సెంటర్లో స్నానం, గోళ్ళు కత్తిరించడం, మేత అమ్మడం, అంతే" అంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. తనే మంచినీళ్ళిచ్చి, తన ఫోన్ నుంచి కూడా మీకు రెండుసార్లు ప్రయత్నించింది. మీ ఉద్యోగి ఫోన్ కూడా మీవాళ్ళు ఎత్తలేదు. చివరికి నా కాల్ కలిసింది. సిస్టమ్‌లో డాక్టరు ఉన్నట్టే చూపిస్తోంది మేడమ్ అన్నాడు ఒకతను. నేను ఆ గదిలోనే నిలబడి ఉన్నాను బాబూ, ఇక్కడ లేడు అన్నాను. సిస్టమ్‌లో ఉంది కదా మేడమ్ అన్నాడు. అప్పుడు నేను ఏడ్చాను. అది కూడా రికార్డయి ఉంటుంది.

ఆదివారం సంగతి చెప్పడానికి ఏమీ లేదు. మీ పై అధికారి ఫోన్ చేస్తారన్నారు. ఎవరూ చేయలేదు. రాత్రికి కన్ను మధ్యలో తెల్లటి జిగురులా జారడం కనిపించింది. అదే కరగడమట. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి, సిద్ధాంతం వంతెన దాటి, ఏలూరు మీదుగా గన్నవరం చేరాం. అక్కడి డాక్టర్లు చూసేసరికే సన్నటి చిల్లు పడి ఉంది. కంటి తెల్లపొర నుంచి చిన్న ముక్క తీసి ఆ చిల్లు మీద కుట్టారు. చిట్టి రక్తం నుంచే సీరం తీసి, ఫ్రిజ్‌లో పెట్టుకుని రెండేసి గంటలకు ఒక చుక్క వెయ్యమన్నారు. కరగకుండా ఆపే గుణం అందులో ఉంటుందట. పదిహేను రోజులు మావారూ నేనూ వంతులేసుకుని రాత్రుళ్ళు లేచి వేశాం. కన్ను నిలిచింది. చూపు మాత్రం రాలేదు. పెద్ద తెల్లమచ్చ మిగిలింది, ఎడమ వైపు నుంచి ఎవరైనా దగ్గరికొస్తే ఉలిక్కిపడుతుంది.

మీ దగ్గర కంటి డాక్టరు లేకపోవడం నేరమని నేను అనడం లేదు. జంతువుల కంటి డాక్టర్లు మన దగ్గర ఎంత తక్కువో ఈ పదిహేను రోజుల్లో నాకు బాగా తెలిసింది. కానీ శుక్రవారం పదకొండు గంటలకే "మా దగ్గర లేరమ్మా, వేరే చోట చూసుకోండి" అని ఒక్కరు నిజం చెప్పి ఉంటే ఆ సాయంత్రమే గన్నవరం బయలుదేరేవాళ్ళం. పదిహేడు కాల్స్‌లో ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అనలేదు. ఒక్కరు కూడా ఇప్పుడు చిట్టి ఎలా ఉందని అడగలేదు.

ఈ ఏడాది కట్టిన డబ్బు, రాజమండ్రి కారు ఖర్చు వెనక్కి ఇస్తారో లేదో మీ ఇష్టం, ఇవ్వాల్సిన బాధ్యత మీకుంది. నాకు ముందు కావలసింది వేరు. ఆ కాల్స్ విన్న అధికారి సొంత పేరుతో నాకు జవాబు రాయాలి. ఆ రాజమండ్రి అపాయింట్‌మెంట్ ఎవరు, దేన్ని చూసి ఇచ్చారో చెప్పాలి. మా పిన్‌కోడ్‌కు స్పెషలిస్ట్ లేరని మీ యాప్‌లో పెద్ద అక్షరాలతో రాయాలి. లేకపోతే మా ఆడపడుచు కూడా రేపు నాలాగే ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయిస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మీ ఆఫీసు హైదరాబాదులో ఉందని నేను అక్కడికి రానక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం మేం ఉన్న చోటే వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. పరీక్ష చేయకుండా స్టెరాయిడ్ రాసిన డాక్టరు గురించి రాష్ట్ర పశువైద్య మండలికి విడిగా రాస్తాను. మీ మెసేజ్‌లు, మందుల చీటీ, రెండు ఆసుపత్రుల కాగితాలు, రోజువారీగా తీసిన చిట్టి కంటి ఫోటోలు అన్నీ ఫైలు చేసి పెట్టాను.

ఈ ఉత్తరానికి మళ్ళీ టికెట్ నంబరు పంపకండి. మనిషి పేరు, ఫోన్ ఎత్తే నంబరు పంపండి.

ఇట్లు,
మీ నాలుగేళ్ళ ఖాతాదారు
(సంతకం)